ఎన్నారై సందేహాలు: పార్సన్స్ వెళ్లిపోయాడు, జెర్సీ ఏం చేయాలి?

ప్రశ్న: అన్నగారూ, డాలస్ పక్కన ఫ్రిస్కోకి వచ్చి ఏడాదైంది. ఆఫీసులో అందరూ ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ అభిమానులే, నేనూ అయ్యాను. నిరుడు ఆగస్టులో మైకా పార్సన్స్ 11వ నంబరు జెర్సీ కొన్నాను. ఆ నెల దాటకుండానే అతన్ని గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుకి పంపేశారు. ఇలాంటి జట్టును నమ్ముకుని ఉండాలా? పార్సన్స్ వెంట ప్యాకర్స్ వైపు వెళ్లాలా?

జవాబు: తమ్ముడూ, బాధపడకండి. కొత్తగా వచ్చిన మనవాళ్లలో ఎక్కువమంది చేసే మొదటి తప్పు ఇదే. అమెరికన్ ఫుట్‌బాల్ అర్థం కాకముందే ఒక ఆటగాడి మీద మనసు పడుతుంది, మనసుతో పాటే కార్డు కూడా బయటికొస్తుంది. అసలు జెర్సీ 130 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది, పన్ను అదనం. రూపాయల్లో లెక్కేస్తే ఇంటి దగ్గర అమ్మానాన్నల నెల మందుల ఖర్చు. అందుకే మొదట డబ్బు సంగతే చెబుతాను.

ముందు జరిగిందేమిటో సరిగ్గా తెలుసుకోండి. పార్సన్స్‌ని 2021 డ్రాఫ్టులో, అంటే ఏటా జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట, 12వ ఎంపికగా తీసుకున్నారు. మొదటి రౌండులో వచ్చినవాడికి నాలుగేళ్ల ఒప్పందం, జట్టు కోరుకుంటే అయిదో ఏడాది. 2025 అతనికి ఆ అయిదో ఏడాది, అంటే ఆఖరిది. కొత్త ఒప్పందం మీద జట్టు యజమాని జెర్రీ జోన్స్‌తో తేడా వచ్చింది. ఆగస్టు 1న తనను వేరే జట్టుకు పంపమని పార్సన్స్ బహిరంగంగానే అడిగాడు. ఆగస్టు 28న ప్యాకర్స్ అతన్ని తీసుకున్నారు. బదులుగా డాలస్‌కి రెండు మొదటి రౌండు డ్రాఫ్టు ఎంపికలు, కెన్నీ క్లార్క్ అనే ఆటగాడు వచ్చారు. ప్యాకర్స్ అతనికి నాలుగేళ్లకు 188 మిలియన్ డాలర్లు రాసిచ్చారు. అంటే మీరు జెర్సీ కొన్న నెలలో ఆ ఆటగాడు ఒప్పందం ఆఖరి ఏడాదిలో ఉన్నాడు, యజమానితో గొడవలో ఉన్నాడు, వెళ్లిపోతానని నోటితో చెప్పాడు కూడా. ఈ మూడూ ఒకేసారి కనిపిస్తే ఆ పేరున్న బట్ట కొనకూడదు. ఈ ఊళ్లో ఇన్ని సీజన్లు నెట్టుకొచ్చిన వాళ్లకు ఇది కంటికి కనబడుతుంది. మీకూ అలవాటవుతుంది.

జెర్సీ కొనేముందు అయిదు నిమిషాల పని ఒకటుంది. ఓవర్ ది క్యాప్ లేదా స్పాట్రాక్ సైటులో ఆటగాడి పేరు కొట్టండి. ఒప్పందం ఇంకా ఎన్నేళ్లుందో చూడండి. తర్వాత 'డెడ్ మనీ' అనే గడి చూడండి. మనవాళ్లకు అర్థం కానిది ఇదే, కాబట్టి లెక్కతో చెబుతాను.

ఒక ఆటగాడికి నాలుగేళ్ల ఒప్పందం, 40 మిలియన్ల సైనింగ్ బోనస్ (సంతకం పెట్టినందుకు ఇచ్చే సొమ్ము) ఇచ్చారనుకోండి. డబ్బు ముందే అతని చేతికి వెళ్లిపోతుంది, కానీ జట్టు జీతాల పరిమితి లెక్కలో ఏడాదికి 10 మిలియన్ల చొప్పున నాలుగేళ్లకు పరుస్తారు. మూడో ఏడాది అతని జీతం 12 మిలియన్లు అయితే ఆ ఏడు అతని ఖాతా మొత్తం 22. మూడో ఏడాది మొదలవకముందే తీసేస్తే జీతం మిగులుతుంది, కానీ బోనస్‌లో మిగిలిన రెండేళ్ల 20 మిలియన్లు ఒక్కసారిగా మీద పడతాయి. డెడ్ మనీ అంటే ఇదే. జట్టుకు మిగిలేది రెండు మిలియన్లు మాత్రమే. అలాంటివాణ్ని ఎవరూ పంపరు, జెర్సీ కొనుక్కోవచ్చు. అదే ఆటగాడికి నాలుగో ఏడాది జీతం 20 మిలియన్లు ఉంటే, తీసేసినప్పుడు మీద పడేది 10, మిగిలేది 20. ఆ ఏడాది అతని పేరు మీద డబ్బు పెట్టకండి. జూన్ 1 తర్వాత తీసేస్తే ఆ ఏడాది వాటా మాత్రమే ఇప్పుడు పడి, మిగతాది వచ్చే ఏడాదికి జరుగుతుంది. అందుకే జూన్ మొదటివారంలో కూడా పేర్లు రాలుతుంటాయి.

ఇక 'రీస్ట్రక్చర్' అని వార్త వస్తే జీతం తగ్గించుకున్నాడని మనవాళ్లు అనుకుంటారు. కాదు. ఆ ఏడాది జీతాన్ని బోనస్‌గా మార్చి రాబోయే ఏళ్ల మీదకు నెట్టారు, అంతే. డబ్బు పూర్తిగా అతనికే వెళ్తుంది. నెట్టిన కొద్దీ అతన్ని తీసేయడం జట్టుకు ఖరీదవుతుంది కాబట్టి, జెర్సీ కొనేవాడికి అది మంచి వార్తే.

ఈ లెక్కలన్నీ ఎందుకంటే లీగులో 32 జట్లకూ జీతాల సీలింగు ఒకటే. 2024లో 255.4 మిలియన్లు, 2025లో 279.2 మిలియన్లు. కౌబాయ్స్ తమ ఆటగాళ్లలో డాక్ ప్రెస్కాట్ ఒక్కడికే 2024 సెప్టెంబరులో ఏడాదికి 60 మిలియన్ల సగటున నాలుగేళ్లకు రాసిచ్చారు. సీడీ ల్యాంబ్‌కి అదే ఏడాది ఆగస్టు చివర నాలుగేళ్లకు 136 మిలియన్లు. 53 మందికి పంచాల్సిన కుండలోంచి ఇద్దరికి ఇంత వెళ్తే మూడోవాడి దగ్గర గీత పడుతుంది. పార్సన్స్ విషయంలో పంతాలూ ఉన్నాయి కానీ, అడుగున ఉన్నది ఈ లెక్కే. ఇంకో సంగతి గమనించండి. ల్యాంబ్ శిక్షణ శిబిరం ఎగ్గొట్టాక గానీ సంతకం కాలేదు, ప్రెస్కాట్ సంతకం మొదటి మ్యాచ్ రోజునే జరిగింది. ఈ జట్టు ఆఖరి గంట దాకా లాగుతుంది. డాలస్‌లో సంతకం పడ్డాకే జెర్సీ, ముందు కాదు.

కొనడానికి కాలం కూడా ఉంది. మార్చి మధ్యలో కొత్త లీగు సంవత్సరం మొదలై ఆటగాళ్లు చెల్లాచెదురవుతారు. ఏప్రిల్ చివర్లో మూడు రోజుల డ్రాఫ్ట్, ఏడు రౌండ్లు. జూలై చివర శిబిరంలో 90 మంది ఉంటారు. ఆగస్టు చివరికి 53కి కోస్తారు, మరో పదహారు పదిహేడు మంది ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉంటారు. నాలుగు సీజన్లు నిండని కుర్రాణ్ని తీసేస్తే ముందు 'వేవర్స్'లో పెడతారు, ఏ జట్టయినా ఎత్తుకుపోవచ్చు. ఇచ్చిపుచ్చుకోవడాలకు గడువు నవంబరు మొదట్లో, తొమ్మిదో వారం మ్యాచ్‌లు అయ్యాక. కాబట్టి ఆ గడువు దాటేదాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత సీజన్ ముగిసేదాకా ఎవరినీ మరో జట్టుకు ఇచ్చే వీలుండదు, జనవరిలో అయితే ధర కూడా దిగుతుంది. మనవాళ్లు ఉత్సాహం కొద్దీ ఆగస్టులో కొంటారు. పేర్లు రాలే కాలమూ అదే, ధర పూర్తిగా ఉండే కాలమూ అదే. కొన్ని అధికారిక ఆన్‌లైన్ దుకాణాలు 90 రోజుల్లో ఆటగాడు జట్టు మారితే జెర్సీ మార్చి ఇస్తాయి. మీ ఆర్డరు ఈమెయిలు తీసి చూసుకోండి, షరతులు అక్కడే ఉంటాయి. మీ సొంత పేరు వేయించుకున్న జెర్సీని మాత్రం సాధారణంగా వెనక్కి తీసుకోరు.

అసలు పేరు మారినా పాతబడని జెర్సీ కావాలంటే 88 తీసుకోండి. ఈ జట్టు నంబర్లను అధికారికంగా విశ్రాంతికి పంపదు, వారసులకు ఇస్తుంది. 88ని డ్రూ పియర్సన్ వేసుకున్నాడు, తర్వాత మైకెల్ ఇర్విన్, డెజ్ బ్రయంట్, ఇప్పుడు ల్యాంబ్. బ్రయంట్‌ని 2018లో వదిలేశారు, అయినా ఆ అంకె ఈ ఊళ్లో చెల్లుతూనే ఉంది. లేదా ఆట మానేసిన పెద్దలవి: స్టాబాక్ 12, ఐక్‌మన్ 8, ఎమ్మిట్ స్మిత్ 22. వీళ్లను ఎవరూ అమ్మలేరు. పిల్లలకైతే ఒక సైజు పెద్దది కొనండి, లేదా పేరు, అంకె ఉన్న టీషర్టు చాలు, ఖర్చు జెర్సీ కంటే బాగా తక్కువ. ముప్పై డాలర్లకు జెర్సీ ఇస్తామనే సైట్ల జోలికి వెళ్లకండి. కుట్లు నాసిరకం, వాపసు ఉండదు.

ఇక విధేయత. మనకు ఇది కొత్తేమీ కాదు. 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చిన వార్నర్‌ని 2021లో కెప్టెన్సీ నుంచి తీసేసి, తర్వాత అట్టిపెట్టుకోలేదు. హైదరాబాదులో ఎంతమంది కడుపు మండిందో మీకు తెలుసు. అయినా ఉప్పల్‌లో నారింజ రంగు తగ్గలేదు. ఇంకా కష్టమైనది జట్టే ఊరు వదిలి వెళ్లడం. 2021–22లో ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ లీగు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. ఇక్కడ హ్యూస్టన్ ఆయిలర్స్ 1997లో టెనసీకి పోయారు, ఆ ఊరికి మళ్లీ జట్టు రావడానికి 2002 దాకా పట్టింది. హ్యూస్టన్‌లో మనవాళ్లెవరైనా ఉంటే అక్కడి పాత కాపులను అడగమనండి, చెబుతారు. ఆ లెక్కన ఒక ఆటగాడు పోవడం చిన్న దెబ్బ.

డాలస్‌లో పెద్ద పేర్లు పోవడం పాత ఆచారమే. 1989 అక్టోబరులో హెర్షెల్ వాకర్‌ని మిన్నెసోటాకి పంపినప్పుడు ఊరు గగ్గోలు పెట్టింది. బదులుగా వచ్చిన ఎంపికల్లో ఒకదాన్ని వాడి ముందుకు జరిగి, 1990లో 17వ స్థానంలో ఎమ్మిట్ స్మిత్‌ని తెచ్చుకున్నారు. ఆ దశాబ్దంలో మూడు సూపర్ బౌల్స్ (లీగు ఫైనల్స్) గెలిచారు. ఆ స్మిత్ కూడా 2003లో అరిజోనాకి వెళ్లాడు, 2005లో తిరిగొచ్చి ఒక్కరోజు ఒప్పందం మీద కౌబాయ్‌గానే ఆట ముగించాడు. డిమార్కస్ వేర్‌ని 2014లో వదిలేస్తే డెన్వర్ వెళ్లి సూపర్ బౌల్ 50 గెలిచాడు. ఇక్కడివాళ్లు అతన్ని తిట్టలేదు, 2023లో స్టేడియంలో గౌరవ వలయంలో అతని పేరు ఎక్కింది. పార్సన్స్ విషయం కూడా అలాగే చూడండి. 2025 సెప్టెంబరు 28న ప్యాకర్స్ జెర్సీలో అతను కౌబాయ్స్ స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్ వచ్చినప్పుడు మ్యాచ్ 40–40తో సమంగా ముగిసింది. ఆ రాత్రి అతన్ని కేకలేసి ఏడిపించినవాళ్లూ ఉన్నారు, పాత 11 వేసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. పాత జెర్సీ వేసుకోవడం తప్పు కాదు. ప్యాకర్స్ 1వ నంబరు కొనడం మాత్రం రెండోసారి డబ్బు పారేసుకోవడం. 1996 జనవరి తర్వాత కౌబాయ్స్ సూపర్ బౌల్ గెలవలేదని తెలిసీ స్టేడియం నింపుతున్న మనుషుల మధ్య ఉన్నారు మీరు. ఆటగాడి వెంట వెళితే మూడేళ్లకోసారి జట్టు మారాలి.

జట్టు మారితే ఖర్చు కూడా మారుతుంది, ఇది ఎవరూ చెప్పరు. ఊరి జట్టు మ్యాచ్‌లన్నీ మీ టీవీకి 25 డాలర్ల యాంటెనా పెడితే ఉచితంగా వస్తాయి: ఫాక్స్ 4, సీబీఎస్ 11, ఎన్‌బీసీ 5, ఏబీసీ 8. కేబుల్‌లో, ప్రైమ్‌లో వచ్చే మ్యాచ్ కూడా సొంత ఊళ్లో యాంటెనాకి ఇస్తారు. గ్రీన్ బే అభిమాని అయితే ఆదివారం మ్యాచ్‌లకు సండే టికెట్ అని ఏడాదికి వందల డాలర్లు కట్టాలి. మీరు కౌబాయ్స్‌తో ఉండటానికి ఇంతకంటే గట్టి కారణం నాకు తెలియదు.

స్టేడియానికి వెళ్లాలనుకుంటే సీజన్ టికెట్లు, సీటు లైసెన్సుల (ఆ సీటుకు సీజన్ టికెట్ కొనుక్కునే హక్కు) మాట ఎత్తకండి. ఆర్లింగ్టన్ స్టేడియం 2009లో తెరిచినప్పుడు ఒక్క సీటు లైసెన్సు 150,000 డాలర్ల దాకా పలికింది, టికెట్ ధర మళ్లీ వేరు. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఆ రోజుల్లో లైసెన్సు హడావుడిగా అమ్ముకోవడం కష్టం. నిలబడి చూసే పార్టీ పాస్ తీసుకోండి, లేదా ఆగస్టు సన్నాహక మ్యాచ్‌కి వెళ్లండి. టికెట్ ఫోనులోకి బదిలీ అయ్యాకే డబ్బు పంపండి. వాట్సాప్ గుంపులో స్క్రీన్‌షాట్ పంపి అమ్మేవాళ్లుంటారు, గేటు దగ్గర అది చెల్లదు. పార్కింగ్ ముందే కొనండి, ఆ రోజు గేటు దగ్గర ధర మండిపోతుంది. ఆర్లింగ్టన్‌కి మన సికింద్రాబాద్ లాగా బస్సులు, రైళ్లు ఉండవు, నలుగురు కలిసి ఒకే కారులో పోవడం మేలు. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులు వెనక్కి పంపేస్తారు: పారదర్శకమైన సంచి 12 అంగుళాలు, 6, 12 దాటకూడదు, చేతి పర్సు 4.5, 6.5 లోపు. సంక్రాంతికి తెచ్చుకున్న పట్టుసంచి కారులోనే ఉంచమనండి.

టెక్సాస్‌లో ఆన్‌లైన్ పందాలకు చట్టం ఒప్పుకోదు, వాటి జోలికి వెళ్లకండి. ఆఫీసు ఫ్యాంటసీ లీగులో 20 డాలర్లు పెట్టినా పర్లేదు, కానీ అక్కడ కౌబాయ్స్‌నే ఎంచుకోకండి. వాళ్లకు సెలవు వారం వచ్చినప్పుడు మీ జట్టంతా ఖాళీ.

మీ దగ్గరున్న 11 జెర్సీని అమ్మకండి, ఇప్పుడు సగం ధర కూడా రాదు. థ్యాంక్స్‌గివింగ్ రోజు మన టైము మధ్యాహ్నం మూడున్నరకు కౌబాయ్స్ మ్యాచ్ ఉంటుంది, 1966 నుంచి రెండేళ్లు తప్ప ప్రతి ఏడాదీ ఆడుతున్నారు. ఎవరింట్లోనో బిర్యానీ, యాంటెనా టీవీ ఉంటాయి, అక్కడికి వేసుకెళ్లండి. ఉతికేటప్పుడు తిరగేసి చన్నీళ్లలో వేయండి, డ్రయ్యర్‌లో వద్దు, వేడికి అంకెలు పొట్టు లేస్తాయి. నీడలో ఆరేస్తే పదేళ్లు ఉంటుంది.