తుప్పు కన్నా ముందు నీటి దారి వెతకండి

ప్రశ్న: మాది విశాఖ, గాజువాక దగ్గర. ప్రభుత్వ టీచర్ని. 2012 జూలైలో కొన్న చిన్న పెట్రోల్ కారులో రోజూ అనకాపల్లి వైపు స్కూలుకు వెళ్తాను. హుద్‌హుద్ తుఫానులో కొమ్మ పడి ముందు అద్దం మార్పించాం, అంతకుమించి పెద్ద రిపేర్లు రాలేదు. ఈ మధ్య వాన పడితే ఎడమవైపు ముందు సీటు కింద నీళ్లు చేరుతున్నాయి. రన్నింగ్ బోర్డు (డోర్ల కింద ఉండే రేకు), డోర్ల అడుగు తుప్పు పట్టాయి. షెడ్డులో 48,000 అడిగారు: టింకరింగ్ (రేకు పని) 14,000, కారు మొత్తం పెయింటింగ్ 26,000, కారు అడుగున కొట్టే అండర్ బాడీ కోటింగ్ 5,000, కొత్త మ్యాటింగ్ 3,000. మావారు కోటింగ్ ఒక్కటి కొట్టించి నడిపేద్దాం అంటున్నారు. తమ్ముడేమో 15 ఏళ్లు నిండితే ఎలాగూ తుక్కే కదా, 6 లక్షలు లోన్ పెట్టి కొత్తది కొనేయమంటాడు. పాత కార్లు కొనేవాళ్లు 1,10,000 ఇస్తామన్నారు. బ్యాంకులో 1,20,000 ఉంది. అందులోంచి జూలైలో అమ్మాయి బీటెక్ రెండో ఏడాది ఫీజు 70,000 కట్టాలి. ఇంటి లోను, ఖర్చులు పోను నెలకు 9,000 మిగులుతుంది. ఇన్సూరెన్సులో ఏమైనా వస్తుందా? ఏం చేయమంటారు?

జవాబు:

టీచర్ గారూ, షెడ్డు వాళ్లు ఇచ్చిన లెక్కలో నాలుగు పద్దులున్నాయి, అసలు ఉండాల్సిన అయిదోది లేదు. నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో కనిపెట్టి ఆపడానికి అందులో ఒక్క రూపాయి రాయలేదు. ఆ దారి మూయకుండా కొత్త మ్యాటింగ్ వేస్తే మొదటి వానకే తడుస్తుంది. కొత్త పెయింట్ కింద పాత తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఏడాది తిరక్కముందే మళ్లీ అదే షెడ్డుకు, అదే ఖర్చుకు వెళ్తారు. అందుకని డబ్బు మాట కాసేపు పక్కన పెట్టి ముందు నీళ్ల సంగతి చూద్దాం.

మొదట ఒక చిన్న పరీక్ష. వాన లేని రోజు ఏసీ వేసి అరగంట నడపండి. కారు ఆపాక కింద నేల మీద నీటి చుక్కలు పడుతున్నాయా, లేదా? ఏసీలో తయారయ్యే నీళ్లు సన్నటి పైపు గుండా బయటికి పోవాలి. ఆ పైపులో దుమ్ము పేరుకుంటే నీళ్లు లోపలికి, సరిగ్గా మీరు చెప్పిన ఎడమవైపు ముందు సీటు కిందికే వస్తాయి. నా పాత కారుకు ఇదే జరిగింది. ముందు అద్దం ఊడదీసి మళ్లీ బిగించాలని ఒక షెడ్డులో 6,000 అడిగారు. ఇంకో మెకానిక్ కింద పడుకుని ఆ పైపులోకి తీగ పోనిచ్చాడు. గోధుమరంగు బురద ముద్ద ఒకటి జారి పడింది, వెనకే అర లీటరు నీళ్లు. నేను 200 ఇచ్చి వచ్చాను.

అది కాదని తేలితే వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ జాలీ తీయించండి. ఎండుటాకులు పేరుకుని నీళ్లు పోయే దారి మూసుకుపోవడం చెట్ల కింద నిలిపే కార్లకు మామూలే. డోర్ల అడుగున సన్న రంధ్రాలుంటాయి, అగ్గిపుల్లతో పొడిచి చూడండి. అవి మూసుకుంటే నీళ్లు డోరులోనే నిలుస్తాయి. మీ డోర్లు అడుగునే తుప్పు పట్టాయంటే నాకు మొదట వచ్చిన అనుమానం అదే. డోరు లోపలి ప్యాడ్ వెనక ఉండే పాలిథిన్ షీటు చిరిగినా నీళ్లు లోపలికి వస్తాయి.

ఇక మీరు రాసిన అద్దం సంగతి. అద్దం మార్చేటప్పుడు పాత జిగురును బ్లేడుతో కోస్తారు. ఆ బ్లేడు ఫ్రేము రేకు మీద గీతలు పెడితే, వాటి మీద ప్రైమర్ (తుప్పు పట్టకుండా మొదట వేసే పూత) వేయకుండానే కొత్త అద్దం అతికిస్తే, తుప్పు అక్కడే మొదలవుతుంది. అది ఏళ్ల తరబడి కనిపించదు. రేకు పొంగి జిగురు పట్టు వదిలాక నీళ్లు సందు చూసుకుంటాయి. మీ అద్దం మార్పించింది 2014లో, పైగా ఉప్పుగాలి ఊళ్లో. కాబట్టి గట్టిగా అనుమానించాల్సిందే. ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోండి, ఇంకొకరు బయట పైపుతో నీళ్లు పట్టండి. కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. ముందే పైన పోస్తే నీళ్లు అన్నిచోట్లకీ జారతాయి, ఏ సందులోంచి వస్తున్నాయో తేలదు.

దారి దొరికి మూయించాక మ్యాటింగ్ మొత్తం పైకి తీయించండి. దాని కింద మందపాటి ఫెల్టు ఉంటుంది. పైన చెయ్యి పెడితే పొడిగా తగులుతుంది, పిండితే నీళ్లు కారతాయి. రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఆరనివ్వండి. అప్పుడు చాలావరకు కొత్త మ్యాటింగ్ అవసరమే రాదు.

మీవారు చెప్పే కోటింగ్ గురించి గట్టిగానే చెబుతాను. తడి ఉన్న తుప్పు మీద నల్ల కోటింగ్ కొడితే తేమను లోపల పెట్టి మూత వేసినట్టే. పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల తుప్పు రేకును తినేస్తూనే ఉంటుంది. తుప్పు గీకి, పోయిన రేకు కోసి, ప్యాచ్ వెల్డింగ్ చేసి, ప్రైమర్ వేసి, అతుకులకు సీలర్ పట్టించి, అన్నిటికన్నా చివర కొట్టాల్సింది కోటింగ్.

ఇప్పుడు అసలు నిర్ణయం. కారును లిఫ్ట్ మీద ఎక్కించి, పాత స్క్రూడ్రైవర్‌తో మీ ఎదురుగా నాలుగు చోట్ల పొడిపించండి: ముందు సస్పెన్షన్ బిగించే చోటు, వెనక యాక్సిల్ బిగించే చోటు, జాకీ పెట్టే చోటు, సీటు బెల్టు బోల్టు చుట్టూ ఉన్న రేకు. టంగుమని శబ్దం వస్తే రేకు గట్టిగా ఉన్నట్టు. స్క్రూడ్రైవర్ లోపలికి దిగితే ఆ కారు మీద ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. రోజూ హైవే మీద వెళ్తున్నారు మీరు. గుద్దుకున్నప్పుడు మనిషిని సీటులో ఆపేది ఆ బెల్టు, ఆ బెల్టును పట్టి ఉంచేది ఆ రేకు. దాన్ని పుట్టీతో కప్పి పెయింట్ వేయించుకున్నవాళ్లను చూశాను, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది.

తుప్పు డోర్ల అడుగు, రన్నింగ్ బోర్డు పైరేకు వరకే ఉందని తేలితే బాగు చేయించండి. కానీ 48,000 కాదు. ఫీజు కట్టాక మీ చేతిలో మిగిలేది 50,000. అందులో 48,000 షెడ్డుకిస్తే ఇంటి లోను ఉన్న కుటుంబానికి అత్యవసరానికి మిగిలేది 2,000. కారు మొత్తానికి పెయింటింగ్ మీకు అక్కర్లేదు. 26,000 పెట్టి రంగు వేయిస్తే 1,10,000 ధర 1,36,000 కాదు. పనిచేసిన ప్యానెళ్లకు మాత్రమే ప్యానెల్‌కు ఇంత అని మాట్లాడుకోండి. అన్నీ కలిపి 30,000 దాటకూడదని గీత గీసుకోండి. ఈ నెల మిగులు 9,000 నీళ్ల దారి మూయించడానికి, వచ్చే నెల 9,000 టింకరింగ్‌కు, బ్యాంకు నుంచి తీసేది 12,000 మాత్రమే. అప్పుడు ఫీజు పోను 38,000 ఉంటుంది. అది చాలదు, కానీ రెండు వేలతో పోలిస్తే నిద్ర పడుతుంది.

తమ్ముడి సలహాలో ప్రేమ ఉంది, లెక్క లేదు. 6 లక్షలు 9.5 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 12,600, మొత్తం కట్టే వడ్డీ 1,56,000. మీకు మిగిలేదే 9,000. లోటు 3,600 ప్రతి నెలా క్రెడిట్ కార్డు మీద పడుతుంది, లేదా అమ్మాయి మూడో ఏడాది ఫీజులోంచి పోతుంది. అదే 30,000 పెట్టి మూడేళ్లు నడిపితే నెలకు 833 పడినట్టు. మామూలు సర్వీసింగ్ దానికి అదనం.

15 ఏళ్లకు తుక్కు అన్నది ఢిల్లీ చుట్టుపక్కల పెట్రోల్ కార్ల మీద కోర్టు, ట్రిబ్యునల్ పెట్టిన నిబంధన నుంచి పుట్టిన మాట. మన దగ్గర అలా లేదు. 2027 జూలైకి ముందు ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) రెన్యువల్ చేయించుకోవాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి కార్లకు పెట్టిన ఫీజు 5,000, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆలస్యమైతే నెలకు 500 అదనం. కారును పరిశీలించి, బాగుంటేనే అయిదేళ్లకు పొడిగిస్తారు. రన్నింగ్ బోర్డు చిల్లులతో వెళ్తే ఇబ్బందే, ఈ పని ఇప్పుడే చేయించమనడానికి అదీ ఒక కారణం.

ఇన్సూరెన్సులో తుప్పుకు ఏమీ రాదు. వాడకం వల్ల వచ్చే అరుగుదలను పాలసీ కవర్ చేయదు. అలాగని ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే డబ్బిచ్చే థర్డ్ పార్టీ పాలసీకి మారకండి. తుఫాను, వరద, చెట్టు పడటం లాంటివి సమగ్ర పాలసీలోనే ఉంటాయి, విశాఖలో ఆ అవసరం ఎంతో మీకు నేను చెప్పాలా. పదేళ్లు దాటిన కారుకు రేకు భాగాల ఖరీదులో సగం మీరే పెట్టుకోవాల్సి ఉంటుందని మాత్రం తెలిసి ఉండండి.

స్క్రూడ్రైవర్ లోపలికి దిగితే మాత్రం ఆ తుప్పు సంగతి దాచకుండా చెప్పి వచ్చిన ధరకు అమ్మేయండి. లేదంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి, పాత ఇనుప కొట్టుకు కాదు. కారు అప్పగించినట్టు అక్కడిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో కొత్త కారుకు రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. పన్నులో 25 శాతం వరకు రాయితీకి కూడా కేంద్ర నిబంధనల్లో వీలుంది. అప్పుడైనా కొత్త కారు వెంటనే వద్దు. ఫీజులయ్యేదాకా బస్సు, తోటి టీచర్ల కారు చూసుకోండి.

కొత్త కారు మీకు అక్కర్లేదని నేను అనడం లేదు. మన దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయిందే 2019 జూలైలో. మీది అంతకన్నా ముందుది, ఎప్పటికైనా మార్చాల్సిందే. అందుకు జూలై నుంచి 6,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, మిగతా 3,000 అత్యవసర నిధికి. 36 నెలలకు అసలే 2,16,000 అవుతుంది, అప్పటికి అమ్మాయి చదువు పూర్తవుతుంది. 6 లక్షల బదులు 3,84,000 తీసుకుంటే అదే వడ్డీకి ఈఎంఐ 8,065. అది మీ మిగులులో సరిపోతుంది. కార్ల ధరలు పెరుగుతాయి, నిజమే. డిపాజిట్ వడ్డీ, పాత కారుకు వచ్చే డబ్బు ఆ తేడాకు ఉంచుకోండి.

ఒక్కటి మర్చిపోకండి. తుప్పు కోసేశాక ఒకసారి, వెల్డింగ్ అయ్యాక పుట్టీ పెట్టకముందు మరోసారి షెడ్డుకు వెళ్లి కళ్లతో చూసి ఫొటో తీసుకోండి. ఆ రెండు ఫొటోలు చూశాకే మిగతా డబ్బు ఇస్తానని పని మొదలుపెట్టకముందే చెప్పండి.