సైనికాధికారి మరణవార్త దిద్దే చేతికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఒక సైనికాధికారి మరణవార్త విషయంలో మీ పత్రిక డెస్కులో పేజీలు వదిలే వేళ దాకా వాదన సాగిందనీ, శీర్షికలో ‘వీరమరణం’ ఉండి తీరాలని కొందరు, ‘మృతి’ అంటే చాలునని మరికొందరు పట్టుబట్టారనీ, చివరికి ఎవరి మాట నెగ్గిందో తేలకుండానే పేజీ ప్రెస్సుకు వెళ్లిందనీ రాశావు. మీరంతా ఆఖరున తేల్చుకోవలసిన దాని దగ్గర మొదటే పోట్లాడుకున్నారని నాకనిపిస్తోంది. శీర్షికలో మాట కన్నా ముందు చూసుకోవలసినవి రెండున్నాయి: ఆ ఇంటికి కబురు చేరిందా, మన చేతిలో ఉన్నదాంట్లో రూఢి అయినది ఎంత. ఈ రెండూ తేలితే మాట పెద్దగా ఇబ్బంది పెట్టదు. తేలకపోతే ఎంత గొప్ప మాట వేసినా అది మన కంగారుకు కప్పిన శాలువాయే అవుతుంది.

2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణనే తీసుకో. అందులో మరణించిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు మన సూర్యాపేటవారు, కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకున్నవారు. మరునాడు మధ్యాహ్నం సైన్యం మొదట విడుదల చేసిన ప్రకటన ఒక అధికారి, ఇద్దరు జవాన్లు మరణించారని చెప్పింది. రాత్రి వచ్చిన ప్రకటన, తీవ్రంగా గాయపడి గడ్డకట్టే చలిలో ఉండిపోయిన మరో 17 మంది కూడా కన్నుమూశారనీ, మొత్తం 20 మందిని కోల్పోయామనీ చెప్పింది. మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య ఉన్న ఆ కొన్ని గంటలే ఏ డెస్కుకైనా పరీక్ష. అప్పటికి తెలిసింది ముగ్గురి సంగతే అయితే ముగ్గురనే రాయాలి, అది సైన్యం చెప్పిన లెక్క అని వాక్యంలోనే ఉండాలి, సంఖ్య పెరిగితే ఏ వేళకు ఎంత తెలిసిందో పాఠకుడికి చెప్పాలి. ‘భారీగా ప్రాణనష్టం?’ అని ప్రశ్నార్థకం తగిలించి ఊహను అచ్చువేయడం మన వృత్తిలో పాతబడిన దురలవాటు. ఆ రాత్రి లద్దాఖ్‌లో కొడుకు పనిచేస్తున్న ప్రతి ఇల్లూ ఆ ప్రశ్నార్థకాన్ని తన గుమ్మానికే తగిలించుకుంటుంది.

ఇక కబురు సంగతి. సైన్యం సాధారణంగా యూనిట్ ద్వారానో, దగ్గరలోని సైనిక కేంద్రం ద్వారానో దగ్గరి బంధువుకు విషయం చెబుతుంది. అయితే ఇక్కడ డెస్కులో కూర్చున్నవారు మరిచిపోయే చిక్కు ఒకటుంది. అధికారి భార్యాపిల్లలు ఒక ఊళ్లో, తల్లిదండ్రులు మరో ఊళ్లో ఉండటం మామూలే. గల్వాన్ నాటికి సంతోష్‌బాబు భార్యాపిల్లలు ఢిల్లీలో, తల్లిదండ్రులు సూర్యాపేటలో ఉన్నారు. కాబట్టి ‘కుటుంబానికి సమాచారం అందింది’ అని ఎవరైనా ఫోనులో చెప్పినప్పుడు, ఎవరికి అందింది, అమ్మానాన్నలకు కూడా తెలుసా అని రెండో ప్రశ్న అడగకుండా పేరు బయటపెట్టవద్దు. పేరు దాచి జిల్లా చెబితే సరిపోతుందని కొందరు సబ్ ఎడిటర్లు అనుకుంటారు. జిల్లా కేంద్రం లాంటి చిన్న ఊళ్లో సైన్యంలో కల్నల్ హోదాలో ఉన్నవారు ఎందరుంటారు చెప్పు? ‘సూర్యాపేట జిల్లాకు చెందిన కల్నల్’ అని టీవీ స్క్రోలింగ్‌లో ఒక్క ముక్క పడితే పేరు రాసినట్టే, పైగా ఇంటి చిరునామా ఇచ్చినట్టే. కబురు చేరిందని రూఢి అయ్యేదాకా ‘ఒక అధికారి’ అన్నచోట ఆగిపోండి.

మండలంలోని మీ కంట్రిబ్యూటరుకు, అంటే స్థానిక విలేకరికి, ఈ విషయం మరీ గట్టిగా చెప్పాలి. అధికారుల కన్నా ముందు బండి మీద ఆ వీధిలోకి చేరుకునేది అతనే. గుమ్మంలో నిలబడి ‘మీ అబ్బాయి గురించి ఏమైనా తెలిసిందా అమ్మా’ అని అతను అడిగిన క్షణంలో విలేకరి చావు కబురు మోసుకొచ్చినవాడవుతాడు. ముందు ఊరి పెద్దనో, పోలీస్ స్టేషన్‌నో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్నో అడిగి, ఇంట్లో తెలుసని నిర్ధారించుకున్నాకే గడప దగ్గరికి వెళ్లమను. వెళ్లాక మాట్లాడించమని ఒత్తిడి చేయవద్దను. గల్వాన్ తరువాత సంతోష్‌బాబు తల్లి తన దుఃఖంతో పాటు గర్వాన్నీ తానుగా చెప్పారు, పత్రికలు రాశాయి, తప్పు లేదు. కానీ ఆ తరువాత ప్రతి సైనికుడి తల్లి నోటా అదే మాట రావాలని డెస్కులు ఎదురుచూడటం మొదలైంది. ఒక తల్లి గర్వమని అనకుండా ఏడిస్తే ఏడ్చిందనే రాయాలి, లేదా ఏమీ రాయకూడదు.

2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలినప్పుడు చూశావు కదా. అప్పటి త్రివిధ దళాల అధిపతి జనరల్ బిపిన్ రావత్ ఉన్నారో లేరో తెలియని ఆ మధ్యాహ్నమంతా ఛానళ్లలో మంటలే కనిపించాయి. సాయంత్రం వాయుసేన ధ్రువీకరించేదాకా ఆగినవారి వార్త ఏమీ చెడిపోలేదు. అదే ప్రమాదంలో అప్పటి చిత్తూరు జిల్లా ఎగువరేగడ గ్రామానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ కూడా మరణించారు. భౌతికకాయాలను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు అవసరమయ్యాయి కనుక ఆ ఇల్లు రోజుల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. పెద్ద హోదా ఉన్న పేరు శీర్షికలోకి రావడం సహజమే, దానికి నేనేమీ అనను. కానీ జిల్లా పేజీలో ఆ ఎదురుచూపుల రోజుల్లో ‘నేడు అంత్యక్రియలు’ అని ఊహతో వేయడం మాత్రం క్రూరమైన పని.

అలవాటు పడిన వాక్యాల గురించి కూడా జాగ్రత్తగా ఉండు. ‘శత్రు తూటాలకు ఎదురొడ్డి’ అన్నది మన కలాలకు చెప్పకుండానే వచ్చేస్తుంది. గల్వాన్‌లో ఆ రాత్రి తుపాకులు పేలలేదు. భారత్-చైనా సరిహద్దులోని వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపరాదన్న 1996 నాటి ఒప్పందం ఉంది, పోరంతా రాళ్లతో, కర్రలతో, ఇనుప మేకులు దిగ్గొట్టిన కడ్డీలతో జరిగింది. అక్కడ తూటాను రాసిన డెస్కు సంతోష్‌బాబు ధైర్యాన్ని పొగిడినట్టు కాదు, ఆయన ఎలా పోరాడారో తెలుసుకోలేదని ఒప్పుకున్నట్టు. ‘16వ బిహార్ రెజిమెంట్’ అని రాయడమూ అలాంటిదే. రెజిమెంట్ పేరు బిహార్, ఆయన నాయకత్వం వహించింది అందులోని 16వ బెటాలియన్‌కు. యూనిట్‌లోని సహచరులు, మాజీ సైనికులు మొదట చూసేది ఈ వివరాన్నే. ‘తెలుగు సింహం’, ‘తెలుగు తేజం’ అన్న మకుటాలూ నాకు నచ్చవు. మన ఊరివాడి గురించి మనం ముందు రాయడంలో తప్పు లేదు గానీ, ఆయనతో పాటు వెళ్లిపోయిన తక్కిన 19 మంది పేర్లకు ఒక చిన్న బాక్సయినా ఇవ్వాలి.

ఫొటోల విషయంలో నా మాట చిన్నది. యూనిఫాంలో ఉన్న ఫైల్ ఫొటో సైన్యమో, కుటుంబమో ఇచ్చినది అయితే అదే పెట్టు. ఫేస్‌బుక్ నుంచి దించిన పెళ్లినాటి ఫొటో, పిల్లల పుట్టినరోజు ఫొటో అడగకుండా వాడవద్దు. అంత్యక్రియల్లో పసిపిల్లల ముఖాల మీదికి కెమెరా వెళ్లిన ఫొటో ఎంత బాగా వచ్చినా మొదటి పేజీకి పంపవద్దు. గాయాలు కనిపించేది అసలు లే అవుట్ దాకానే రాకూడదు. ప్రభుత్వం ప్రకటించిన సాయం వార్త కూడా అంతే. తెలంగాణ ప్రభుత్వం సంతోష్‌బాబు కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. అది వార్తే, వేయవలసిందే, కానీ చితి ఫొటో పక్కన కోట్ల అంకెను పెద్ద అక్షరాల్లో పెడితే చదివేవాడి కన్ను ఎక్కడికి వెళుతుందో నీకు చెప్పనక్కరలేదు. ఆ వార్త వేరుగా ఉండనీ.

అన్నిటికన్నా కష్టమైనది అధికారి తన ప్రాణం తానే తీసుకున్న సందర్భం. ఆత్మహత్య వార్తలపై ప్రెస్ కౌన్సిల్ 2019లో స్వీకరించిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి: ఎలా చనిపోయాడో వివరించరాదు, చోటు వివరాలు ఇవ్వరాదు, వార్తను ప్రముఖంగా పరచరాదు. చివర మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు వేయండి. స్వయంకృత మరణాలకు సైనిక లాంఛనాలు ఉండవన్నది 1967 నాటి సైనిక ఉత్తర్వు. 2023 అక్టోబరులో ఒక అగ్నివీర్ (నాలుగేళ్ల అగ్నిపథ్ పథకంలో చేరిన సైనికుడు) మరణం మీద గొడవ రేగినప్పుడు సైన్యం ఈ సంగతిని బహిరంగంగానే చెప్పింది. ఆ నిబంధన మంచిదా కాదా అని సంపాదకీయంలో వాదించు, కానీ లాంఛనాలు జరగలేదన్న మాటను ఆ ఇంటి వార్తకు శీర్షిక చేయకు. కారణం మీద పై అధికారుల వేధింపు, కుటుంబ కలహం అంటూ మొదటి రోజే పుకార్లు వస్తాయి. విచారణ నివేదిక వచ్చేదాకా వాటిని కాపీలోంచి నిర్దాక్షిణ్యంగా కొట్టేయి.

ఇప్పుడు మీరు పోట్లాడుకున్న మాట. సైనిక దళాలు ‘మార్టిర్’ అన్న పదం వాడవని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది, కనుక ‘అమరుడు’ అని రాయకపోతే అగౌరవం అన్న వాదనకు బలం తక్కువ. పోరులో మరణించాడని రూఢి అయితే ‘వీరమరణం’ సమంజసమే. ప్రమాదంలోనో, జబ్బుతోనో పోతే ‘విధి నిర్వహణలో మృతి’, ‘అనారోగ్యంతో మృతి’ అన్నవే సరైనవి. ఏది రూఢో తెలియని మొదటి రాత్రి ‘కన్నుమూత’ చాలు. దీన్ని ఒక కాగితం మీద రాసి డెస్కులో అంటించు, ప్రతిసారీ అర్ధరాత్రి కొత్తగా వాదించుకోవలసిన అవసరం ఉండదు.

తరువాతి రోజుల్లో కూడా ఆ ఇంటితో పని ఉంటుంది. సంతోష్‌బాబుకు మహావీర్ చక్ర శౌర్య పురస్కారాన్ని 2021 గణతంత్ర దినోత్సవం సందర్భంగా ప్రకటించారు, నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రదానం జరిగింది. అలాంటి రోజున పురస్కార ప్రశంసాపత్రం పూర్తిగా చదివి, మొదటి రోజు మనం రాసినదానితో తేడా ఉంటే అదే వార్తలో సరిదిద్దండి. ఆ ఇంటికి మనిషిని పంపేటప్పుడు ముందుగా ఫోను చేసి, వీలైన వేళ అడిగి పంపు. రావద్దంటే ప్రశంసాపత్రంతోనే వార్త పూర్తవుతుంది.

ఆశీస్సులతో,
మీ పాత న్యూస్ ఎడిటర్