క్యాన్ తిరిగొచ్చే దారి లెక్కలోనే ఉంది

ప్రశ్న: బీటెక్ మెకానికల్ చివరి సంవత్సరం చదువుతున్నాను. క్లోజ్డ్ లూప్ సప్లై చైన్ మీద ఆసక్తి. చిన్న సంస్థల్లో దీనికి ఉద్యోగాలుంటాయా? ఏం నేర్చుకోవాలి? నాన్నగారికి ఏలూరులో మినరల్ వాటర్ ప్లాంటు ఉంది.

జవాబు: ఆ పేరుతో చిన్న సంస్థలు ప్రకటనలివ్వడం అరుదు. రివర్స్ లాజిస్టిక్స్, రిటర్నబుల్ ప్యాకేజింగ్, ఈపీఆర్ (వాడేసిన సరుకును వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే తయారీదారు బాధ్యత) కంప్లయన్స్ అని వెతకండి. అన్నిట్లోనూ పని ఒకటే: పంపిన సరుకో, దాని డబ్బానో వెనక్కి తెచ్చి మళ్లీ వాడకంలో పెట్టడం.

మీ మొదటి ప్రాజెక్టు ఇంట్లోనే ఉంది. రోజుకు 300 ఇరవై లీటర్ల క్యాన్లు వెళ్తాయనుకోండి. ఖాతాదారు దగ్గర 3 రోజులు, ప్లాంటులో కడిగి నింపడానికి 1 రోజు. అంటే 4×300, మొత్తం 1,200 క్యాన్లు తిరుగుతుండాలి. ఖాళీ ఒక్క రోజు ఆలస్యంగా వస్తే ఇంకో 300 కావాలి. వందకు 2 రాకపోతే రోజుకు 6, నెలకు 180 గల్లంతు. చాలామంది 'క్యాన్లు చాలట్లేదు' అనుకుని కొత్తవి కొనేస్తారు; పోతున్న చోటు మాత్రం వెతకరు.

అది తెలియాలంటే ప్రతి క్యాన్‌కీ నంబరు వేసి, వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, ఎవరికి అన్నది 30 రోజులు రాయండి. కాగితం స్టిక్కరు రెండు కడుగుళ్లకే ఊడొస్తుంది. చెరగని ముద్రే వేయాలి. ఇళ్లనూ ఫంక్షన్ హాళ్లనూ వేరుగా చూడండి. కొత్త క్యాన్ ధరకంటే డిపాజిట్ బాగా తక్కువైతే తిరిగిచ్చే తొందర ఎవరికీ ఉండదు. ఖాళీ రాగానే మూత తీసి వాసన చూడాలి. కిరోసిన్, పెట్రోలు పోసినదైతే ప్లాస్టిక్కే పీల్చుకుంటుంది, ఎంత కడిగినా పోదు. అది కడుగుడు దాకా వెళ్లకముందే పక్కన పెట్టాలి. పగిలినవాటిని అడుగున గుర్తు చూసి విడదీయండి: 1 అంటే పెట్, 7 అంటే ఇతర రకాలు, పాలీకార్బొనేట్ సాధారణంగా ఇందులోకే వస్తుంది. కలిపేస్తే స్క్రాప్ ధర పడిపోతుంది.

ఇక చదువు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల, ఈ-వ్యర్థాల నిబంధనలు తయారీదారుపై ఈ ఈపీఆర్ బాధ్యతే పెట్టాయి. కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో నమోదు, రీసైక్లర్ సర్టిఫికెట్ల లెక్క తెలిసినవాళ్లు ఆ సంస్థలకు కావాలి. కాబట్టి ఆ నిబంధనలు చదవండి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ చేతికి రావాలి. బ్లాక్‌చెయిన్ కోర్సుకు ఇప్పుడు డబ్బు పెట్టకండి. పీజీ చేయాలనుకుంటే క్యాట్ రాసి, ఒకప్పటి NITIE అయిన ఐఐఎం ముంబైని లక్ష్యంగా పెట్టుకోవచ్చు. ఇంటర్వ్యూకి మాత్రం ఆ 30 రోజుల షీటు పట్టుకెళ్లండి. క్యాన్లు ఏ వీధిలో ఆగిపోతున్నాయో, ఎందుకో మీరే చెప్పగలగాలి.