పులుల కోసం పనిచేస్తానంటోంది మా అమ్మాయి: ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. పులుల్ని కాపాడే పనిలోకే వెళ్తానని పట్టుబట్టింది. వెటర్నరీ, ఐఎఫ్ఎస్ (అటవీ సర్వీసు), వైల్డ్‌లైఫ్ బయాలజీలో ఏది మేలు? నీట్ లాంగ్ టర్మ్‌లో చేర్పిస్తే మనసు మారుతుందా?
- ఒక తండ్రి

జవాబు: మీరు అసలు అడగదలచుకున్నది ఆ చివరి మాటే. ఆడపిల్ల, అడవి, జీతం, బంధువులకు ఏం చెప్పాలి అన్న బెంగ. ఆ బెంగ సహజమే. కానీ పిల్ల మనసు మార్చడానికి లాంగ్ టర్మ్ పెట్టడం మాత్రం తప్పు. ఏడాదీ పోతుంది, ఇంట్లో మాటలూ తగ్గిపోతాయి. దయచేసి ఆ పని చేయకండి.

ఆమె కోరుకుంటున్నది గాలిమేడ కాదు. మన దేశంలో 2006 లెక్కల్లో 1,411 పులులుంటే, 2022కి సగటు అంచనా 3,682. మధ్యప్రదేశ్‌లోని పన్నా పులుల అడవిలో 2009 నాటికి పులులు పూర్తిగా అంతరించాయి. అదే రాష్ట్రంలోని కాన్హా, బాంధవ్‌గఢ్ అడవుల నుంచి పులుల్ని తెచ్చి వదిలితే మళ్లీ పెరిగాయి. అలాంటి చోట మత్తు మోతాదు చూసేది వెటర్నరీ డాక్టరు. పులి మెడకు కట్టిన రేడియో కాలర్ సిగ్నల్ వెంట తిరిగేది బయాలజిస్టు. సిబ్బందినీ చుట్టుపక్కల ఊళ్లనూ ఒప్పించి నడిపేది అటవీ అధికారి. మీరు పోల్చమన్న మూడు దారులూ ఒకే పనిలో కలుస్తాయి.

నా మొగ్గు వెటర్నరీ వైపు. అడవిలో వెటర్నరీ పోస్టులు తక్కువే, కానీ డిగ్రీ చేతిలో ఉంటే బతుకుకు లోటుండదు. ఐఎఫ్ఎస్‌కీ అర్హత వస్తుంది. రక్తం చూడలేనంటే బీఎస్సీ ఫారెస్ట్రీ, సిద్దిపేట జిల్లా ములుగులో కాలేజీ ఉంది. ఐఎఫ్ఎస్ వచ్చినంత మాత్రాన పులుల అడవిలోనే పోస్టింగ్ ఇస్తారనుకోవద్దు.

నాకు గట్టి అనుమానం ఉన్నది ఇప్పుడు ఊపందుకున్న దారి మీద: నాలుగు వారాల సర్టిఫికెట్ కోర్సులు, డబ్బు కట్టి చేసే ‘ఇంటర్న్‌షిప్’లు, సఫారీ ఫొటోలు. వీటిలో పులి కనిపిస్తుంది, పని కనిపించదు. కెమెరా ట్రాప్, అంటే జంతువు ఎదురుగా రాగానే తనంతట తానే ఫొటో తీసే కెమెరా, బిగించడమే చూడండి. బాటకు రెండు వైపులా, మోకాలి ఎత్తులో ఒక్కో కెమెరా కట్టాలి. పులి ఎడమ పక్క చారలు కుడి పక్కలా ఉండవు కాబట్టి రెండూ కావాలి. కెమెరాలు సరిగ్గా ఎదురెదురుగా ఉంటే ఒకదాని ఫ్లాష్ రెండోదాని ఫొటోను తెల్లగా చేసేస్తుంది, అందుకే కాస్త పక్కకు జరపాలి. ముందున్న గడ్డి కోయకపోతే గాలికి ఊగిన ప్రతిసారీ ఫొటో పడి, వేల ఖాళీ చిత్రాలతో బ్యాటరీ అయిపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి కంప్యూటర్ ముందు లెక్కలు. బైపీసీ పిల్లలు తడబడేది ఇక్కడే. పులుల సంఖ్య తేల్చేది స్టాటిస్టిక్స్. డిగ్రీ ఏదైనా స్టాటిస్టిక్స్, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు గీసే పద్ధతి) ఇప్పటి నుంచే నేర్పించండి. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ సీట్లు చాలా తక్కువ, అక్కడ పోటీకి కూడా ఇదే పనికొస్తుంది.

ఇక పులి భయం. ఈ పనిలో నెలల తరబడి పులి కంటపడకపోవచ్చు. ఎక్కువగా ఎదురయ్యేవి అడవి పందుల కోసం వేసిన ఉచ్చులు, కరెంటు తీగలు, పశువు పోయిన రైతు కోపం. తెలంగాణలోని కవ్వాల్ అడవికి మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే పులులకు ఆ ఉచ్చులు, తీగలు పెద్ద గండమే. రైతు ఇంటి అరుగు మీద కూర్చుని ఓపిగ్గా మాట్లాడగలదా అన్నది మీ అమ్మాయిలో మీరే గమనించాలి.

పద్దెనిమిది నిండాక, నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనకు అటవీ శాఖ వలంటీర్లను పిలిచినప్పుడు పంపండి. పులి అడుగులు, పెంటికల్లాంటి గుర్తుల కోసం మూడు రోజులు, రోజుకు 5 కిలోమీటర్ల నడక. తర్వాత ముందే నిర్ణయించిన 2 కిలోమీటర్ల తిన్నని దారిలో నడుస్తూ దుప్పులు, కణితులు, పందుల లెక్క. క్యాంపుకు రానూపోనూ నడక అదనం. ఆ వారం తర్వాత కూడా వెళ్తానంటే కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు ఆమెనే పెట్టుకోనివ్వండి. కొత్త బూట్లతో మాత్రం పంపకండి. రెండు వారాల ముందే కొని, ఇంటి దగ్గర రోజూ తొడిగి నడవమనండి.