‘30 మీటర్లు’ అని రాసిన వాచీలో ఈత కొలను నీరు చేరితే?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చేతి వాచీ కొన్నాను. వెనుక మూత మీద ‘వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు’ అని ఉంది. అమ్మకపు పేజీలో ఈత కొడుతున్న మనిషి చేతికి అదే వాచీ ఉన్న ఫొటో వేశారు. ఐదడుగుల లోతైనా లేని కొలనులో ఈదితే అద్దం లోపల ఆవిరి పట్టి వాచీ ఆగిపోయింది. నీరు చేరితే వారంటీ వర్తించదని సర్వీసు కేంద్రం వాళ్లు అంటున్నారు. నాకు దారేమిటి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ కేసుకు బలం ఆ అంకె కాదు, ఆ ఫొటో. అంకెనొక్కదాన్నే పట్టుకుని వెళితే కంపెనీ సులువుగా తప్పించుకుంటుంది. 30 మీటర్లు అంటే అంత లోతుకు దిగవచ్చని కాదు. ఆ లోతులో కదలని నీటికి ఉండే ఒత్తిడిని, అంటే సుమారు 3 బార్లను, పరీక్షలో తట్టుకుందని మాత్రమే. ఈదేటప్పుడు చెయ్యి నీటిని బలంగా కొడుతుంది. కీ కాస్త బయటికి వచ్చి ఉన్నా, లోపలి రబ్బరు వాషరు పాతబడినా నీరు చేరుతుంది. అందుకే చాలా కంపెనీలు 30 మీటర్ల వాచీని చేతులు కడుక్కోవడానికి, వాన తుంపరకే పరిమితమని చెబుతాయి. ఈతకు 100 మీటర్ల వాచీ కొనడం మేలు. స్కూబా డైవింగ్‌కైతే ఐఎస్ఓ 6425 ప్రమాణానికి సరిపోయే డైవర్స్ వాచీ కావాలి. ఆ ప్రమాణం ప్రకారం ప్రతి వాచీనీ చెప్పిన ఒత్తిడికి నాలుగో వంతు అదనంగా పెట్టి పరీక్షిస్తారు.

అయితే ఇదంతా కొనేవారికి ముందే చెప్పాలి కదా! డబ్బు కట్టాక పెట్టెలో దొరికే చిన్న అక్షరాల కాగితంలో చెబితే సరిపోతుందని నేను ఒప్పుకోను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ప్రకారం, చట్టమో ఒప్పందమో కోరిన నాణ్యత లేకపోవడమే కాదు, అమ్మకందారు ‘ఏ రూపంలోనైనా’ చెప్పుకున్న నాణ్యత లేకపోయినా లోపమే. ఈతగాడి ఫొటో అలా చెప్పుకోవడమే. అది సెక్షన్ 2(28) కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అని కూడా వాదించవచ్చు. తగిన పరీక్ష జరిపాకే పనితీరుకు హామీ ఇచ్చామని కంపెనీ అంటే, సెక్షన్ 2(47) ప్రకారం దాన్ని రుజువు చేయాల్సిన భారం కంపెనీదే.

ఆ పేజీని ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి దాచండి, రేపు మార్చేయవచ్చు. అద్దం లోపలి ఆవిరి, కీ ఉన్న స్థితి కనిపించేలా ఫొటోలు తీయండి. వారంటీ ఎందుకు నిరాకరించారో సర్వీసు కేంద్రం నుంచి రాతపూర్వకంగా అడగండి. తర్వాత అమ్మకందారుకూ కంపెనీకీ నోటీసు పంపండి. 1915 హెల్ప్‌లైన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. అప్పటికీ కదలకపోతే మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. మరమ్మతు, కొత్త వాచీ లేదా డబ్బు వాపసుతో పాటు నష్టపరిహారం కూడా కోరండి.

ఈలోగా బయటి మెకానిక్ చేత మాత్రం వాచీని విప్పించవద్దు. అవసరమనుకుంటే కమిషనే సెక్షన్ 38 కింద దాన్ని సీలు చేసి ప్రయోగశాలకు పంపుతుంది. ముందే ఎవరో విప్పారని తెలిస్తే, నీరు అప్పుడే చేరిందని అవతలి పక్షం వాదిస్తుంది.