కాకినాడలో పెంట్‌హౌస్ చవగ్గా వస్తోంది, కొనమంటారా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. పిల్లల చదువుల కోసం కాకినాడలో ఇల్లు చూస్తున్నాం. ఒక అపార్ట్‌మెంటులో ఐదో అంతస్తు పైన పెంట్‌హౌస్ ఉంది. ఎత్తయిన హాలు, లోపల్నుంచే ఇనుప మెట్లు, పైన లాఫ్ట్ బెడ్‌రూమ్. మొత్తం 1,400 చదరపు అడుగులంటున్నారు. అదే వీధిలో అడుగు 5,000 నడుస్తుంటే దీన్ని 3,800కే ఇస్తామంటున్నారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాను, తనఖాలేమీ లేవు. ఇంటిపన్ను రసీదు, కరెంటు మీటరు ఉన్నాయి. కొబ్బరితోట అమ్మిన డబ్బు ఉంది కాబట్టి లోను అక్కర్లేదు. కానీ ఇంత తక్కువకి ఎందుకిస్తున్నారో తెలియక టెన్షన్‌గా ఉంది. కొనమంటారా?
— ఒక పాఠకుడు, కోనసీమ జిల్లా

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘లోను అక్కర్లేదు’. అమ్మేవాళ్లు వెతుక్కుంటున్నది సరిగ్గా మీలాంటివాళ్లనే.

ముందు లెక్క చూద్దాం. మన ఇళ్లలో లాఫ్ట్ అంటే ఆవకాయ జాడీలు, పాత ఇత్తడి సామాను పెట్టుకునే అటక. మీకు చూపించింది మంచం పట్టే అటక. ఆ అటకనీ కింది హాలుతో సమానంగా అడుగుల్లో కలిపారేమో టేపు పెట్టి కొలవండి. ఉదాహరణకి అటక 300 అడుగులుందనుకోండి. 1,400 అడుగులకి 3,800 చొప్పున మీరిచ్చేది 53 లక్షల 20 వేలు. అటక తీసేస్తే మిగిలేది 1,100 అడుగులు. అంటే అడుగు 4,836 పడింది. వీధిలో నడిచే రేటుకి, దీనికి తేడా ఎంత? తోట అమ్మేటప్పుడు సర్వేయరు చేత సెంటు సెంటూ కొలిపించే ఉంటారు. ఇక్కడ మాత్రం వాళ్లు చెప్పిన అంకె ఎందుకు నమ్మాలి? కొలిచేటప్పుడు అటక మీద నిటారుగా నిలబడి చూడండి. తల తగిలిందంటే అది గది కాదు.

ఇక అసలు సంగతి. మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లానులో ఈ పెంట్‌హౌస్ ఉందా? ఈసీ బాగుందన్నారు. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. ఎవరు ఎవరికి అమ్మారు, ఎవరు తనఖా పెట్టారు, అంతే. పై అంతస్తుకి అనుమతి ఉందో లేదో ఆ కాగితం చెప్పదు. పన్ను రసీదూ చెప్పదు. అనుమతి లేని కట్టడానికి కూడా పన్ను వేస్తారు, పైగా జరిమానా కలిపి వేస్తారు. కరెంటు మీటరు సంగతీ అంతే. మీరు అడగాల్సినవి రెండు: మంజూరైన ప్లాను, కట్టడం పూర్తయ్యాక మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్.

ప్లానులో లేకపోతే నష్టమేమిటంటారా? అపార్ట్‌మెంటులో ఫ్లాటుతోపాటు కింద నేలలో కూడా మనకి వాటా రాస్తారు. దాన్నే యూడీఎస్ అంటున్నారు. చాలాచోట్ల ఆ గజాలన్నీ ప్లానులో ఉన్న ఫ్లాట్లకే పంచేసి ఉంటారు. ఆ తర్వాత డాబా మీద లేపిన ఇంటికి నేల ఎక్కడి నుంచి వస్తుంది? మీ ముసాయిదా దస్తావేజులో ఎన్ని గజాలు రాశారో చూడండి. కింద ఫ్లాట్లవాళ్ల దస్తావేజులు అడిగి తెచ్చుకుని ఆ గజాలన్నీ కూడండి. మొత్తం స్థలం కంటే ఎక్కువ వచ్చిందంటే మీకు రాసింది గాలిలో వాటా. పైగా ఇళ్లు కొనేవాళ్ల రక్షణ కోసం వచ్చిన 2016 నాటి రెరా చట్టం డాబాలను ఉమ్మడి స్థలాల్లోనే లెక్కేసింది. రేపు కిందవాళ్లు ‘మా డాబా మీద మీరెవరు’ అంటే మీరేం చెబుతారు?

‘జరిమానా కట్టి రెగ్యులరైజ్ చేయించుకోవచ్చులెండి’ అని ఎవరైనా అంటే వెంటనే సరే అనకండి. అలాంటి పథకాలకి గడువు తేదీ ఉంటుంది. 2015లో మన రాష్ట్రంలో వచ్చిన అలాంటి పథకం బీపీఎస్ 2014 డిసెంబరు 31 లోపు కట్టినవాటికే వర్తించింది. చేయిస్తామన్న మాట కాదు, చేయించిన ఆర్డరు చూపించమనండి.

ఇదంతా పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. ముప్పయ్యేళ్లు రిజిస్ట్రారాఫీసు ఎదుట కూర్చుని ఊళ్లో వాళ్ల దస్తావేజులు రాసినవాణ్ణి, నా సొంతానికొచ్చేసరికి ప్లాను అడగలేదు. మీలాగే చేతిలో డబ్బుండి ఓ పై అంతస్తు ఇల్లు చవగ్గా కొన్నాను. రిజిస్ట్రేషనూ అయిపోయింది. పెద్దమ్మాయి పెళ్లికి అమ్ముదామంటే నలుగురు వచ్చారు, నలుగురికీ నచ్చింది. నలుగురి బ్యాంకులూ లోను కుదరదన్నాయి. చివరికి నేనెంత తక్కువకి కొన్నానో అంతకంటే తక్కువకి, నగదు ఉన్నాయనకే అమ్మాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ ఇంటి ఊసెత్తితే కాఫీ గ్లాసు కాస్త గట్టిగానే పెడుతుంది.

అందుకని మీకు అవసరం లేకపోయినా ఆ ఇంటి మీద లోనుకి దరఖాస్తు పెట్టండి. బ్యాంకు లాయరు కాగితాలు చూస్తాడు, ఇంజినీరు ఇల్లు చూస్తాడు. ప్రాసెసింగు ఫీజు కొన్ని వేలు పోతే పోనివ్వండి. అమ్మేవాళ్లు ‘లోనయితే ఇవ్వం, నగదే కావాలి’ అన్నారా, మీ ప్రశ్నకి జవాబు వాళ్లే చెప్పినట్టు. ఒకటి కాదు, రెండు బ్యాంకుల్లో అడగండి. కాదంటే బయానా ఇవ్వకండి.

తక్కువ ధరకి వచ్చినవన్నీ ఇలాంటివే అనను. అమెరికాలో ఉన్న కొడుకు సెలవు అయిపోయేలోపు అమ్మేసి పోదామనుకోవచ్చు. అన్నదమ్ములు వాటాలు పంచుకునే తొందరలో ఉండొచ్చు. పార్కింగు లేకపోవచ్చు, లిఫ్టు ఐదో అంతస్తుతోనే ఆగిపోవచ్చు. కాకినాడ ఉప్పుగాలికి ఇనుప మెట్లు, శ్లాబు ఊచలు తుప్పు పట్టి ఉండొచ్చు. ఇవన్నీ బేరంలో తేలేవే.

లోను మంజూరైందని తెలిస్తే అప్పుడు మళ్లీ చూసుకుని రండి, ఈసారి ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి. ఏసీ వెయ్యనివ్వకుండా ఆ అటక మీద పావుగంట కూర్చోండి. ఆ తర్వాత బేరమాడండి.