"అనంతమైన అడుగులు పూర్తయ్యాయి" అనొచ్చా?

సందేహం: మాస్టారూ, గుంటూరులో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను. జీనో అనే పాతకాలపు గ్రీకు తత్వవేత్త పారడాక్స్ (సరైనదిలా కనిపిస్తూనే నమ్మబుద్ధి కాని వాదన) చెప్తూ మన ప్రకాశం బ్యారేజీని ఉదాహరణగా తీసుకున్నా. బ్యారేజీ దాటాలంటే ముందు సగం నడవాలి, తర్వాత మిగిలినదాంట్లో సగం, మళ్ళీ మిగిలినదాంట్లో సగం, ఇలా అనంతమైన అడుగులు వెయ్యాలి, కాబట్టి ఎప్పటికీ దాటలేం అనేది జీనో వాదన, కానీ మనం రోజూ దాటుతున్నాం అంటే అనంతమైన అడుగులు పూర్తవుతున్నట్టేగా అన్నాను. ఒక పిల్ల లేచి "అనంతం అంటేనే అంతం లేనిది కదా మేడమ్, అది పూర్తవడం ఏంటి, తెలుగే తప్పు" అంది. తప్పేనంటారా?

సమాధానం: ఆ పిల్ల చెవి చాలా మంచిదమ్మా, నా మాటగా మెచ్చుకోండి. వ్యాకరణం ప్రకారం వాక్యం తప్పు కాదు, కానీ "అనంతమైన" అనే ఒక్క మాట మీద రెండు అర్థాల బరువు పడింది.

సంస్కృతంలో అంతం అంటే కొస, హద్దు. అచ్చు ముందు "న" కాస్తా "అన్" అవుతుంది, అలా అనంతం అంటే కొస లేనిది. సరే, కొస లేనిది ఏది, ముక్కల లెక్కా లేక దూరమా? ఆ సంగతి ఈ మాట చెప్పదు, మన తెలుగు చెప్తుంది. మనకి ఎన్ని వేరు, ఎంత వేరు. ఎన్ని ఇడ్లీలు అంటాం, ఎంత చట్నీ అంటాం, మూడేళ్ళ పిల్లలు కూడా దీంట్లో తప్పరు. అందుకని "అంతులేనన్ని ముక్కలు" అనండి, "అంతులేనంత దూరం" అనండి, రెండూ అక్కడికక్కడే విడిపోతాయి. బ్యారేజీలో ముక్కలు అంతులేనన్ని, దూరం మాత్రం సుమారు 1,223 మీటర్లే. జీనో వాదన "ఎన్ని" దగ్గర మొదలై మనకి తెలీకుండానే "ఎంత" దగ్గరికి జరిగిపోయింది.

జీనోది క్రీస్తుపూర్వం 5వ శతాబ్దం, దక్షిణ ఇటలీలో ఎలియా అనే గ్రీకు ఊరు. ఆయన సొంత రాతలు దాదాపు ఏవీ మిగల్లేదు, ఈ వాదనలు మనకి ఎక్కువగా ఆ తర్వాతి గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రాతల వల్లే తెలిశాయి. ఆ అరిస్టాటిలే భాగాలు చెయ్యడంలో అంతులేకపోవడం వేరు, కొసలే లేకపోవడం వేరు అని విడదీశాడు, అంటే ఆయన పడ్డ తిప్పలన్నీ మనకి "అన్ని", "అంత" అనే రెండు చిన్న మాటల్లో ఉన్నాయి, నాకైతే ఇది తల్చుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక "ఎప్పటికీ" అనేది కాలం మాట కాబట్టి పిల్లలకి కాలం కూడా చూపించండి. నింపాదిగా నడిస్తే బ్యారేజీకి 16 నిమిషాలు అనుకోండి. మొదటి సగానికి 8, తర్వాత 4, 2, 1, అర, పావు. ఇవి చూస్తే నాకు పాత నాణేలు గుర్తొస్తాయి, 1957లో నయాపైసలు వచ్చేదాకా, రూపాయికి పదహారణాలుగా నడిచినవి: అర్ధరూపాయి, పావలా, బేడ, అణా, అర్ధణా, కాణీ, ఒక్కోటి ముందుదాంట్లో సరిగ్గా సగం. ఆరూ ఒక్కోటి చొప్పున కలిపితే పదిహేనుముప్పాతిక అణాలు, రూపాయికి ఇంకో కాణీ తక్కువ. ఆ తక్కువైన కాణీలో సగం చేర్చండి, మళ్ళీ ఆ మిగిలినదాంట్లో సగం చేర్చండి, ఎంతసేపు చేర్చినా మొత్తం పదహారణాలు దాటదు, అలాగని అంతకంటే తక్కువ ఏ లెక్క దగ్గరా ఆగదు. ఆ పదహారే మీ పుస్తకాల్లో ఉండే "అవధి", ఆ మాటకీ అర్థం హద్దే.

ఇంకొకటి, క్రియలు కూడా చూడమనండి. సగాల వరసలో ఏ మజిలీ దగ్గర ఆగి అడిగినా "ఇంకా చేరలేదు" అనేదే నిజం. జీనో వాదన "చేరలేదు"ని పట్టుకుని "చేరడు" అని తేల్చింది. మొదటిది ఇప్పటిదాకా జరగనిది, రెండోది ఇకముందు కూడా జరగనిది, లేదు నుంచి డు కి దూకడానికి ఆధారం ఏదీ చూపించలేదు.

కాబట్టి మీ వాక్యాన్ని "అంతులేనన్ని ముక్కలున్న దూరాన్ని 16 నిమిషాల్లో దాటాం" అని మార్చండమ్మా. అప్పుడు ఆ పిల్ల, మరి ఆఖరి ముక్క ఏది అని అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. ఆఖరి ముక్కంటూ ఏదీ లేదనే చెప్పండి, ముక్కల వరసకి ఆఖరు లేదు, బ్యారేజీకి మాత్రం సీతానగరం వైపు కొస ఉంది.